కొత్త కాయ వస్తానే

1966 మార్చి 28

మేనేజర్ ఈశ్వరప్ప ఈరోజు గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు. కదిరి ఎండలో తలుపు మూసుకుని మాట్లాడేవాడి నోట మంచి మాట రాదు. మిల్లు మూసేస్తున్నారు. వరసగా వానలు ఎగ్గొట్టాయి, శనగకాయ లేదు, నూనె ఆడేది వారంలో సగం రోజులు కూడా కాదు. అంతవరకూ నాకు తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, యంత్రాలన్నీ కోస్తాలో ఎవరికో అమ్మేశారు. మే నెలలో రైలుకెక్కిస్తారు. ఇక మళ్లీ తెరిచే ప్రసక్తే లేదు.

"పనోళ్లకు ఇప్పుడే చెప్పొద్దు రామదాసూ," అన్నాడు. "కొన్నాళ్లు నిలిపినామని చెప్పుదాం. మిషన్లు పోయేదాకా గలాటా వద్దు. కంపెనీ మంచి పేరుతో పోవల్ల. ఎట్ల చేస్తావో నువ్వే చూడు. లేబర్ ఆఫీసరువి నువ్వు కదప్పా."

మంచి పేరుతో పోవడమట. పీనుగకు పౌడరు పూసినట్టు. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

లేచేటప్పుడు, మద్రాసు ఆఫీసులో ఒక ఉద్యోగం ఖాళీగా ఉందన్నాడు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఏప్రిల్ 4

నా ప్లాను ఒప్పుకున్నారు. మిల్లు లైన్లలో, అంటే కంపెనీ కట్టించిన పనివాళ్ల ఇళ్ల దగ్గర, రోజూ గంజి. పిల్లలకు పాలపొడి. పీర్ల పండగకు నిప్పుల గుండంలోకి బాయిలరు కట్టెలు కంపెనీవే, పీరుకు కట్టే పట్టు గుడ్డ, దట్టీ కూడా కంపెనీదే. ధర్మవరంలో మా చిన్నాన్న మగ్గం మీద నేయిస్తాను.

ఈశ్వరప్ప ఊరి మనిషి కాదు. పీర్ల సంగతి కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. లైన్లలో ఒక పీర్ల చావిడి ఉందనీ, తురకలు ఎంతమందో హిందువులూ అంతమంది మొక్కుతారనీ, పదో రోజు తెల్లవారుజామున హజరత్ వలి అనే మన బాయిలరు పనివాడు పీరును ఎత్తుకుని నిప్పుల్లో నడుస్తాడనీ చెప్పాను. అప్పుడు పీరు అతని మీదికి వస్తుంది. జనం అడుగుతారు. వాన పడుతుందా, బర్రె ఈనుతుందా, కోర్టులో గెలుస్తామా. పీరు ఏం చెబితే అదే చేస్తారు.

"మంచిదే," అన్నాడు ఈశ్వరప్ప. "కట్టెలు తక్కువ చేయొద్దు."

నాకు ఇవన్నీ నమ్మకం లేదు. నేను బి.ఏ. చదివాను. అయినా ప్రతి ఏడూ గుండం దగ్గర చెప్పులు విడిచే నిలబడతాను. అది మర్యాద.

ఏప్రిల్ 11

నోటీసు అంటించాం. తాత్కాలికంగా నిలుపుదల. అరుస్తారనుకున్నాను, ఎవరూ అరవలేదు. అదే బాగాలేదు. బాయిలరు ఆరిపోయాక మిల్లులో పావురాల రెక్కల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఇన్నేళ్లూ ఆ రొద తల తినేస్తోందని తిట్టుకున్నాను. ఇప్పుడు అది లేక నిద్ర పట్టడం లేదు.

కాలువ పనుల మేస్త్రీ అంజినప్ప వచ్చాడు. ఉరవకొండ అవతల కాలువ తవ్వుతున్నారు, కుటుంబాలకు కుటుంబాలే కావాలట. నీళ్లుంటాయి, గుడిసె వేసుకోవడానికి జాగా ఉంటుంది, పని రెండేళ్లు. పండగ అయిన మరునాడు లారీలు తెస్తాడు. వీళ్లు రాకపోతే కంబదూరు వాళ్లను ఎక్కించుకుంటాడు.

అందరిలోనూ ఒకటే గుబులు. కాయలు ఏరే ఓబమ్మ నా దగ్గరకు వచ్చింది. మొగుడు పోయాడు, ముగ్గురు పిల్లలు.

"పోతే మళ్లీ తెరిచినప్పుడు మా పేర్లు కొట్టేస్తారంట కదా సామీ. లైను ఇల్లు కూడా పోతాదంట."

చూద్దాంలే ఓబమ్మా, అన్నాను. ఆఫీసర్లకు దేవుడిచ్చిన వరం ఈ మాట.

ఏప్రిల్ 16

హజరత్ వలి మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. మిల్లు సంగతి అడిగాడు. తెరిచే అవకాశం లేకపోలేదు అన్నాను. వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 17

నిన్నటిది సరిగా రాయలేదు. అవకాశం లేకపోలేదని కాదు. కంపెనీ ఆలోచిస్తోంది అన్నాను. తప్పేముంది? కంపెనీ ఎప్పుడూ ఏదో ఒకటి ఆలోచిస్తూనే ఉంటుంది.

నా భార్య భద్రమ్మ తలుపు చాటున విన్నది. అన్నం వడ్డిస్తూ, "ఆయప్ప పెద్దోడు. మీ మొగం చూసి మాట్లాడినాడు. మీరు గోడను చూసి చెప్పినారు," అంది. ఆడవాళ్లకు అన్నీ కావాలి. చారులో ఉప్పు లేదని కసిరాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఏప్రిల్ 23

నిన్న రాత్రి నెలవంక కనపడింది. చావిడిలో పీర్లను నిలబెట్టారు. దట్టీ వచ్చింది, పచ్చ పట్టు, జరీ అంచు. చిన్నాన్న పని అంటే పనే. వలి దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకున్నాడు. నీళ్లు తిరిగాయి అతనికి.

"కంపెనీ మమ్మల్ని మరిసిపోలేదు సారూ," అన్నాడు.

గుండం తవ్వారు. ఈ పది రోజులూ వలి చావిడిలోనే పడుకుంటాడు, ఒంటిపూట తింటాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. గంజి దగ్గర ఫొటోగ్రాఫరు వచ్చి బొమ్మలు తీశాడు. గిన్నెలు పైకెత్తి పట్టుకోమన్నాడు పిల్లల్ని.

మే 2

ఇది ఈరోజే రాయాలి.

తెల్లవారకముందే గుండం రాజేశారు. బాయిలరు మొద్దులు కదా, నిప్పు ఎప్పుడూ లేనంత ఎర్రగా ఉంది, అంచున నిలబడితే మొహం కాలుతోంది. డప్పులు. వలి పీరును ఎత్తుకుని ఒకసారి నడిచాడు, మళ్లీ నడిచాడు. మూడోసారి దిగేటప్పటికి అతని కళ్లు అతనివి కావు. పచ్చ దట్టీ కింద ఒళ్లంతా ఊగిపోతోంది. డప్పులు ఆగిపోయాయి.

ఓబమ్మ చంటిదాన్ని చంకనేసుకుని ముందుకొచ్చింది.

"సామీ, రేపు లారీలొస్తాండాయి. బిడ్డల్ని ఎక్కించల్లా, ఈడే ఉండల్లా? మిల్లు తెరుస్తారా?"

పీరు చాలాసేపు పలకలేదు. తరువాత వలి నోట్లోంచి, వలిది కాని గొంతుతో వచ్చింది.

"కొత్త కాయ వస్తానే తెరుస్తారు."

జనమంతా ఒక్కసారి నేల మీద వాలారు. నేను మాత్రం నిలబడే ఉన్నాను. ఆ మాట నాది.

మే 3

ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను. ఏప్రిల్‌లో మా ఇంటికి వచ్చినరోజు వలి అడిగింది ఇది: "నాకొక్కనికే చెప్పు సారూ. మా కోడలికి ఏడో నెల. లారీ ఎక్కల్లా, ఉండల్లా?" నేను చెప్పింది ఇది: "కొత్త కాయ వస్తానే తెరుస్తారు వలీ." ఆఫీసరునయ్యాక ఇంట్లో కూడా నేను 'రాగానే' అంటాను. ఆరోజు మా నాయన మగ్గం గుంటలో మాట్లాడే యాసలో చెప్పాను. అలా చెబితే నమ్ముతాడని. నమ్మాడు.

పొద్దున లారీలు వచ్చాయి. లైన్ల ముందు హారన్ కొట్టి కొట్టి అంజినప్పకు విసుగొచ్చింది. ఒక్కరూ ఎక్కలేదు. ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని నవ్వుతూ చూశారు, పెళ్లికి వచ్చినవాళ్లను భోజనం పెట్టకుండా పంపుతున్నట్టు.

"ఏమప్పా, మీకేమన్నా మతి పోయిండాదా?" అన్నాడు అంజినప్ప.

"పీరు చెప్పినాదన్నా," అన్నాడు అల్లాబకాష్, నూనె పీపాలు మోసే కుర్రాడు. "కొత్త కాయ వస్తానే తెరుస్తారు."

అంజినప్ప నా వైపు చూశాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. అక్కడే ఉన్నాను, గొంతూ ఉంది. ఇంతమంది ముందు పీరు మాట అబద్ధమంటే కొడతారేమో అనుకున్నాను. కొట్టేవాళ్లు కాదు. లారీలు కంబదూరు దారి పట్టాయి.

మే 9

యంత్రాలు ఎక్కించడం మొదలైంది. కూలీల కోసం వెతకాల్సిన పని లేకపోయింది. రిపేరుకు పోతున్నాయని ఈశ్వరప్ప చెప్పాడు, మనవాళ్లే వచ్చి భుజం పట్టారు. తాళ్లు కట్టి, దుంగల మీద దొర్లించి, స్టేషను దాకా లాక్కుపోయారు. ఐలేసా పాటలు. ఒక పెద్ద యంత్రానికి లైన్లలో ఉండే బయమ్మ పసుపు రాసి కుంకుమ పెట్టింది, పోయి బాగుపడి రమ్మని.

ఈశ్వరప్ప నా భుజం తట్టాడు. "ఎంత నెమ్మదిగా జరిగిపోతాండాదో చూడప్పా. ఎన్నో మిల్లులు మూసినా, ఇట్లాంటి జనాన్ని చూడలే."

లైన్లలో చిన్నపిల్లలు పీర్ల ఆట ఆడుతున్నారు. ఒకడు చీపురుకట్ట ఎత్తుకుని ఊగుతాడు. మిగతావాళ్లు అడుగుతారు. వాడు చెబుతాడు. ఏం చెబుతాడో రాయను.

మే 14

వలి కాళ్లు కాలాయి. ఈరోజే తెలిసింది. ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదు. నడక తేడాగా ఉందని అడిగితే లోపలికి పిలిచాడు. అతని భార్య రసూల్‌బీ గుడ్డలు విప్పింది. అరికాళ్లు చూడలేకపోయాను.

"మా నాయన ముప్పై ఏండ్లు ఎత్తినాడు. నేను ఇరవై ఏండ్లు. ఒక బొబ్బ లేచిందీ లేదు," అన్నాడు. "ఏందో తప్పు జరిగింది సారూ. నియమంగానే ఉంటినే. యాడ తప్పినానో తెలియలే. పండుకుంటే అదే ఆలోచన. చిన్నప్పుడు చేసిన దొంగతనాలు కూడా గుర్తు తెచ్చుకుంటాండా."

కంపెనీ డాక్టరుకు చూపిద్దాం అన్నాను. కట్టెలు బాయిలరువి కదా, వేడి ఎక్కువై ఉంటుంది అని కూడా అన్నాను. అది నిజమే. నిప్పుకు నిజం, అబద్ధం ఏం తెలుసు? బాయిలరు మొద్దు ఎక్కువ కాలుతుంది, అంతే.

అంతే.

మే 20

మద్రాసు నుంచి ఇంకా ఏమీ రాలేదు.

మే 31

కంపెనీ చెప్పిన గడువు అయిపోయింది, గంజి ఈరోజుతో ఆఖరు. మిల్లు బావి మీది పంపు కూడా విప్పి పంపేశారు. అది కూడా అమ్మకంలో ఉందని నాకు తెలియదు. ఇప్పుడు లైన్ల వాళ్లు ఏటి గుంతల్లో చెలమలు తవ్వుకుంటున్నారు. నీళ్లు ఎర్రగా వస్తున్నాయి.

ఈశ్వరప్పను అడిగాను. "మనం చేయల్సింది చేసినాం. ఎంతకాలమని చేస్తారు ఎవురైనా?" అన్నాడు. అతనిది తప్పని చెప్పడానికి నేనెవరిని?

భద్రమ్మ మా ఇంటి బావి నీళ్లు బిందెలతో మోయించి పంపుతోంది. నాతో మాట్లాడటం లేదు. నేను ఏం చేశానో ఆమెకు చెప్పలేదు. చెప్పకుండానే తెలిసినట్టుంది.

గాలి వీస్తే ఖాళీ మిల్లులో రేకులు కొట్టుకుంటాయి. వింటూ ఉంటే అందులో ఆ మాటే వినపడుతుంది. మంచం వసారాలోంచి లోపలికి మార్చాను. లోపలా వినపడుతోంది.

జూన్ 7

ఓబమ్మ చంటిది పోయింది. వాంతులు, భేదులు. పేరు తిమ్మమ్మ. గుండం దగ్గర చంకలో ఉన్నది అదే.

జూన్ 8

ఈరోజు చెప్పాను. పొద్దున మిల్లు గేటు ముందు నిలబడి, లైన్ల వాళ్లందరినీ పిలిపించి, గొంతు పోయేలా చెప్పాను. మిల్లు తెరవరు. యంత్రాలు అమ్మేశారు. రిపేరు అబద్ధం. ఇప్పటికైనా ఉరవకొండకు వెళ్లండి, మట్టి మోసే పని అయినా దొరుకుతుంది.

ఎవరూ కోప్పడలేదు. పిచ్చివాడిని చూసినట్టు చూశారు. బయమ్మ అందుకుంది.

"మమ్మల్ని లైన్లలో నుంచి ఖాళీ చేయించల్లని కంపెనీ నేర్పిచ్చిన మాట కదా ఇది?"

"కాదమ్మా, నిజం."

"పీరు ఒకటి చెప్పినాక, కంపెనీ ఆఫీసరు ఇంకొకటి చెప్తే, యాది నమ్మల్ల సారూ? నువ్వే చెప్పు."

ఓబమ్మ ఒక మూలన కూర్చుని ఉంది. బిడ్డను పూడ్చి ఒక రోజైనా కాలేదు. తల ఎత్తకుండానే, "మిల్లు తెరుస్తారు. పీరు నా మొగం చూసి చెప్పినాడు," అంది. ఆ మాట కూడా పోతే ఆమెకు ఇక ఏముంది?

నా అబద్ధం నమ్మారు, నా నిజం నమ్మలేదు. నవ్వు వచ్చింది. గేటు దగ్గర నిలబడి నిజంగానే నవ్వాను. అది చూసి ఇంకా నమ్మలేదు.

జూన్ 9

వలి ఇంటికి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక అంతా ఒకేసారి చెప్పేశాను. మిల్లు ఇక తెరవరని మార్చిలోనే నాకు తెలుసని, ఆ మాట నేను కల్పించి చెప్పిందని, గుండంలో అతని నోట వచ్చింది అదేనని.

రసూల్‌బీ చేతిలోని చెంబు కింద పెట్టేసింది. వలి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీదికి వచ్చినాక నాకు తెలివుండదు సారూ," అన్నాడు. "ఏం పలికినానో జనం చెప్తేనే తెలుస్తాది. అయితే ఈసారి నాకు లీలగా తెలిసిండాది. పీరు కోసం సూస్తాంటి, సూస్తాంటి. రాలే. ఓబమ్మ అడిగె. బిడ్డనెత్తుకోనుండాదే, ఏం చెప్పకుండా ఎట్ల పంపేది? నీ మాట కడుపులో ఉండె. అది వచ్చేసింది."

"తప్పంతా నాది వలీ."

"నీది నీకాడుండనీ. నాది నాకాడుండాది."

జూన్ 10

శుక్రవారం. నమాజు నుంచి వచ్చి వలి అందరినీ చావిడి ముందుకు పిలిపించాడు. పీర్లు లేవు, పండగ ఆఖరున జలధికి పోయి, నీళ్లలో శుద్ధి అయి, ఎప్పుడో పెట్టెలోకి చేరాయి. గుండం బూడిదతో పూడి ఉంది. కొడుకు ఖాజా పీర్ భుజం మీద చేయి వేసి నడిచి వచ్చాడు. నేనూ వెళ్లాను. నేనే చెబుతాను, నన్ను చెప్పనివ్వు అని దారిలో అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

గుండం గట్టు మీద కూర్చుని కాళ్లకు కట్టిన గుడ్డలు విప్పాడు. అరికాళ్లు జనం వైపు పెట్టాడు.

"సూడండి," అన్నాడు. "ఆ పొద్దు నా మీదికి ఎవురూ రాలే. పలికింది పీరు కాదు, నేనే. మిల్లు తెరవరు. లేబరు సారు మొన్న చెప్పింది నిజం. లెయ్యండి, పోండి. బిడ్డల్ని ఎత్తుకోని పోండి."

పేడ ముద్ద ఒకటి వచ్చి అతని భుజం మీద పడింది. ఎవరు వేశారో చూడలేదు. అల్లాబకాష్ ఏడుస్తూ, "ఇట్ల ఎందుకు చేస్తివి మామా, ఎవురు చెప్పమనిరి నీకు?" అని అడిగాడు.

వలి నా వైపు చూడను కూడా చూడలేదు. "ఎవురూ లేదు," అన్నాడు.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను. తెరిచినట్టే గుర్తు. ఈలోగా ఆడవాళ్ల ఏడుపులు లేచాయి, ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడే స్థితి లేదు. అందుకే చెప్పలేకపోయాను.

లేదు. వినపడే స్థితి ఉంది.

జూన్ 11

మద్రాసు ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. మూసివేత ఇంత మర్యాదగా మరెక్కడా జరగలేదని కంపెనీ చాలా సంతోషించిందట.

జూన్ 12

పొద్దున్నుంచీ లైన్లు ఖాళీ అవుతున్నాయి. కుండలు, చాపలు, కోళ్ల గంపలు. కంబదూరు వాళ్లు ముందే చేరిన చోట వీళ్లకు ఏం మిగిలిందో తెలియదు. కొందరు బస్సుకు, ఎక్కువమంది నడిచి. వలిని ఎవరూ తోడు రమ్మనలేదు. అతను కోడలిని పుట్టింట్లో దింపి, అక్కడే ఏదైనా చూసుకుంటాడట. చావిడి తాళంచెవి అతని దగ్గర నుంచి తీసేసుకున్నారు. వాళ్ల ఇంటివాళ్లు ఇక పీరు ముట్టకూడదని పెద్దలు తీర్మానం చేశారు. రసూల్‌బీ మూటలు కడుతూ నా వైపు వీపు పెట్టే ఉంది.

నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీ పేరు చెప్తే కంపెనీ ఆట అంటారు, మళ్లీ నమ్మరు," అన్నాడు వలి. "నమ్మింది నన్ను కదా. నేను చెప్తేనే కదుల్తారు. కదిలినారు, సాలు." మూట ముడి బిగిస్తూ, "దట్టీ సక్కగా మడిచి పెట్టెలో పెట్టినా సారూ. మంచి పట్టు. పెద్దల్ని పురుగు పట్టకుండా సూడమను," అన్నాడు.

అప్పుడే ఓబమ్మ మిగిలిన ఇద్దరు పిల్లలతో అటు వచ్చింది. నెత్తిన మూట. వలి గుమ్మం ముందు ఆగి, అతని మొహంలోకే చూస్తూ, కాండ్రించి ఉమ్మింది. వలి తల దించుకున్నాడు. ఆమె నా దగ్గరకు వచ్చి మూట దించి, వంగి నా కాళ్లు తాకింది.

"నువ్వొక్కనివే మాకు నిజం చెప్పినావు సామీ. మేమే యినకపోతిమి," అంది. పిల్లల చేత కూడా మొక్కించింది.

వలి చూస్తూ ఉన్నాడు. రసూల్‌బీ ఇటు తిరిగింది. పిల్లల తలల మీద చేయి పెట్టాను.

"చల్లగా ఉండండి తల్లీ," అన్నాను.